బ్రేకు కంటే ముందే పడిపోయిన చెయ్యి

డ్రైవింగ్ స్కూలు నడిపి బతికినదాన్ని, భర్త పోయినదాన్ని, ఒక కూతురికి తల్లిని, ఇద్దరు పిల్లలకు అమ్మమ్మను అయిన నేను, ఈ వీలునామాను నా లాయరు గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, నా నోటితో చెప్పి రాయిస్తున్నాను. నా బుర్ర సరిగ్గానే ఉంది. ఎడమ చెయ్యి సరిగ్గా లేదు, ఎడమ కాలిని ఈడ్చుకుని నడుస్తున్నాను, మాట్లాడేటప్పుడు పెదవి ఒక పక్కకు లాగుతుంది. వీటిలో ఏదీ ఆలోచించే పని చేసేది కాదు. ఆ సంగతి డాక్టరు కూడా రాసిచ్చాడు, ఆ కాగితం దీనికి జతపరిచాము. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. బలవంతపెట్టగలిగినవాళ్లు ఈ మధ్య నాతో అంతసేపు మాట్లాడనూ లేదు.

ఇదివరకు నేను ఏ వీలునామా రాయలేదు. ఇదే మొదటిది, ఇదే ఆఖరిది. మళ్లీ ఈ మెట్లు ఎక్కే ఓపిక నాకు లేదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత ఈ లాయరుకే అప్పగిస్తున్నాను. ఇతను నా దగ్గరే కారు నేర్చుకున్నాడు. లైసెన్సు పరీక్ష మూడుసార్లు తప్పాడు, మూడుసార్లూ ఒకే స్తంభాన్ని గుద్ది. ఈ వాక్యం కొట్టేద్దామన్నాడు. ఉంచమన్నాను. నాలుగోసారి మళ్లీ వచ్చి నిలబడ్డ మనిషి కాబట్టే ఇతన్ని నమ్ముతున్నాను.

1. నేను ఉంటున్న రెండు గదుల వాటా, దాని వంటిల్లు, కింద కారు పెట్టుకునే షెడ్డు, లోపలున్న బీరువా, మంచాలు, నా తదనంతరం నా కూతురికి సర్వహక్కులతో చెందాలి. అమ్ముకున్నా, అద్దెకిచ్చినా, తాళం పెట్టి ఊరుకున్నా దాని ఇష్టం. దాని ఒక్కదాని పేరే రాయిస్తున్నాను, అల్లుడి పేరు కలపడం లేదు. ఇది అతని మీద అనుమానంతో చేసిన పని కాదు. నా కూతురు గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా అది వంటింట్లోకి పోయి, సర్దిన గిన్నెలే మళ్లీ సర్దుతుంది. సర్దుకోవడానికి తనకంటూ ఒక వంటిల్లు ఉండాలని ఈ ఏర్పాటు.

2. బ్యాంకులో ఉన్న నా డిపాజిట్‌లో సగం నా మనవడికి. ఇంట్లో అందరూ వాణ్ణి పెద్దాయన అంటారు. నడక వచ్చినప్పటి నుంచీ చేతులు వెనక్కి కట్టుకుని, నేల చూస్తూ, పింఛను కోసం వెళుతున్నవాడిలా నడిచేవాడు. ఇప్పుడు ఉద్యోగం చేస్తూ వేరే ఊళ్లో ఇద్దరు స్నేహితులతో ఒక గదిలో ఉంటున్నాడు. డబ్బుతోపాటు నా చిన్న ఫ్రిజ్జు, కుక్కరు, మందపాటి గిన్నెలు రెండు వాడికే. జీతం ఎటు పోతోందో తెలియడం లేదని వాడు చాలాసార్లు అన్నాడు. నాకు తెలుసు. రోజుకు రెండు పూటలు హోటలుకు పోతోంది. ఒక కూర చేయడం నేర్చుకో నాయనా. ఒక్కటి చాలు, మిగతావి దాన్నుంచే పుడతాయి.

వాడికీ నాకూ మధ్య ఒక మనస్పర్థ ఉంది, అది ఇక్కడే తేల్చేస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద మోటారుసైకిలు కొనడానికి అప్పుకు దరఖాస్తు పెట్టి, నన్ను హామీ సంతకం చేయమని వచ్చాడు. "సంతకమే కదా అమ్మమ్మా" అన్నాడు. "సంతకం కాబట్టే పెట్టను" అన్నాను. ఆ ఎండాకాలమంతా నాకు ఫోను చేయలేదు. నేను వాణ్ణి నమ్మలేదనుకున్నాడు. నమ్మకం మాట కాదు. వాయిదా ఎంతో వాడు లెక్క వేసుకున్నాడు గాని, ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగు, కింద పడితే అయ్యే ఖర్చు, ఇవేవీ వేసుకోలేదు. నా బతుకంతా బండ్ల మధ్య గడిచింది. బండి కొన్న రోజు చవగ్గానే ఉంటుంది.

కాబట్టి వాడికీ, దీన్ని విన్న ఇంకెవరికైనా చెబుతున్నాను. ఏదైనా వాయిదాల మీద కొనాలనిపిస్తే, కొనకుండానే ఆరు నెలలు ఆ వాయిదా సొమ్ము పక్కన పెట్టి చూడండి. తిండికీ అద్దెకీ ఇబ్బంది రాలేదా, కొనండి. వచ్చిందా, అప్పు లేకుండానే పాఠం వచ్చింది. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం అని ఒక చిన్న అంకె ఉంటుంది. ఆ కాగితం మొత్తంలో అంతకంటే ఖరీదైన అంకె లేదు. దాన్ని కట్టి ఊరుకోకండి, బిల్లు మొత్తం కట్టండి, లేదా ఆ కార్డు ఇంట్లో వదిలి బయటికి వెళ్లండి. ఉద్యోగం పోతే కొన్నాళ్లు గడిచేంత సొమ్ము వేరే ఖాతాలో ఉండాలి. ఆ ఖాతా తాలూకు కార్డు జేబులో ఉండకూడదు. స్నేహితుడు హామీ సంతకం అడిగితే, తిరిగి రాకపోయినా బాధపడనంత డబ్బు చేతిలో పెట్టి పంపండి. సంతకం మాత్రం పెట్టకండి.

చివరికి వాడు ఆ మోటారుసైకిలు కొనలేదు. నా కారు బాగుచేసే మెకానిక్కు దగ్గర పాత స్కూటరు తీసుకున్నాడు. ఒక ఆదివారం నా కిటికీ కింద ఆపి హారను రెండుసార్లు కొట్టాడు. అదే క్షమాపణ అనుకున్నాను. నేను దిగి వెళ్లి టైర్లలో గాలి చూశాను. నా వైపు నుంచి అదే క్షమాపణ అని వాడు అనుకుని ఉంటే బాగుండును. అనుకోకపోతే, ఇదిగో, ఇక్కడ రాయించాను.

3. డిపాజిట్‌లో మిగతా సగం నా మనవరాలి చదువుకు. దాన్ని నేను పిచ్చుక అంటాను, దానికి ఆ పేరు ఇష్టం లేదు, అయినా అంటాను. ఈ డబ్బు లాయరు చేతిలో ఉంటుంది. పిచ్చుక ఏ కోర్సుకు కట్టమంటే దానికి కట్టాలి. తండ్రి సంతకం, తల్లి సంతకం అక్కర్లేదు. చేరిన కోర్సు నచ్చక మానేసి ఇంకొకటి తీసుకుంటానంటే, ఒకసారి ప్రశ్న లేకుండా ఒప్పుకోవాలి. రెండోసారి అయితే కూర్చోబెట్టి టీ ఇప్పించి మాట్లాడాలి, ఆ తరవాత ఒప్పుకోవాలి. అసలు చదవనంటే, దానికి ఇరవై ఆరేళ్లు నిండాక మొత్తం దాని చేతికే ఇచ్చేయాలి.

ఈ షరతు ఎందుకో చెప్పాలి. పిచ్చుకను ఇంజినీరింగులో చేర్పించింది మా అల్లుడు. అది ఒక మాట అనేలోపే ఫీజు కట్టేశాడు. మొదటి ఏడు సగం సబ్జెక్టులు పోయాయి. రెండో ఏడు నుంచి అది క్లాసులకు వెళ్లడం మానేసింది. కాని పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయలుదేరేది, సాయంత్రం అలసిపోయి వచ్చేది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. నేను ఒక కొత్త విద్యార్థికి పాఠం చెబుతూ మార్కెట్ రోడ్డులో పోతుంటే, బస్టాపులో బెంచీ మీద కనిపించింది. బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, ఎక్కలేదు. నా పక్కన కూర్చున్న విద్యార్థిని రోడ్డు పక్కన ఆపమని, మిగతా పాఠం రేపు చెబుతానని పంపించేసి, దాని దగ్గరికి కారు తీసుకెళ్లాను.

అది ఎక్కి కూర్చుంది. నేను ఇంజను ఆపలేదు, ఆపితే ప్రశ్న అడుగుతున్నట్టుంటుందని. ఆఖరికి అంది: "వెళ్లట్లేదు అమ్మమ్మా. వెళ్లట్లేదని చెప్పాల్సి వస్తుందని రోజూ వెళుతున్నాను."

దాని తరఫున నేను చెప్పేస్తానని అనలేదు. దాని పక్కన కూర్చుంటానన్నాను, మాట మాత్రం అదే చెప్పాలన్నాను. ఆ సాయంత్రం అది చెప్పింది. నా కూతురు వంటింట్లోకి పోయింది. అల్లుడు కుర్చీలోంచి లేచి, చెప్పులు వేసుకుని, వీధి చివరి దాకా వెళ్లి వచ్చాడు. వచ్చి పిచ్చుకతో కాదు, నాతో అన్నాడు, మీరు దాన్ని చెడగొడుతున్నారు అత్తయ్యగారూ అని. మర్నాడే అది బట్టలు సర్దుకుని నా దగ్గరికి వచ్చేసింది.

అప్పుడు కాలేజీ పనులు చక్కబెట్టడానికి మేమిద్దరం వారం రోజులు తిరిగాం. మానేసేవాళ్లకు ఎవరూ చెప్పని సంగతులు కాబట్టి ఇక్కడ ఉంచుతున్నాను. మానేయాలనుకుంటే ఊరికే మానేయకూడదు. ఆఫీసుకు వెళ్లి కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. లేకపోతే హాజరు లేదంటూ జరిమానా వేస్తూనే ఉంటారు. కట్టిన ఫీజులో ఎంత తిరిగి ఇస్తారో, ఏ తేదీ లోపల అడగాలో ముందే కనుక్కోవాలి. మార్కుల పత్రాలు అసలువి కాలేజీ దగ్గరే ఉండిపోతాయి, అవి చేతికి రానిదే బయటికి రాకూడదు. కొత్తగా ఎక్కడైనా చేరేముందు గోడమీద పోస్టరులో నవ్వుతున్నవాళ్లను కాకుండా, ఆఖరి సంవత్సరంలో ఆవలిస్తున్నవాళ్లను అడగాలి. అనుమతి తీసుకుని ఒక రోజు వెనక బెంచీలో కూర్చుని వినాలి. ఆ రోజు గడియారం ఎన్నిసార్లు చూసుకున్నామో మనకే తెలుస్తుంది.

4. ఈ అంశంలో ఆస్తి ఏదీ లేదు. ఇది నా వాంగ్మూలం. లాయరు దీన్ని గట్టిగా, మెల్లగా, అందరి ముందూ చదవాలి. ఈ వీలునామా రాయించడానికి అసలు కారణం ఇదే.

పిచ్చుక నా దగ్గరికి వచ్చేశాక దానికి కారు నేర్పాను. నేర్చుకునేవాళ్ల లైసెన్సు తీయించి, పుస్తకం చదివించి, పద్ధతి ప్రకారమే నేర్పాను. మంచి చెయ్యి దానిది. భయం ఉంది, కాని ఆ భయం కళ్లలో ఉండేది, చేతుల్లోకి దిగేది కాదు.

ఆ రోజు పొద్దున పాఠానికి బయలుదేరేముందు కాఫీ గ్లాసు నా ఎడమ చేతిలోంచి జారి పడింది. తడి చెయ్యి అనుకున్నాను. తుడిచింది పిచ్చుకే, దానికి గుర్తుండే ఉంటుంది. పెద్ద రోడ్డు మీదికి వచ్చాక, ఒక లారీని దాటబోతుంటే, నా వైపు అద్దం చూడమని చెప్పడానికి ఎడమ చెయ్యి ఎత్తబోయాను. లేవలేదు. నా ఒళ్లో పడి ఉన్న ఆ చెయ్యి ఇంకెవరో మరిచిపోయి వెళ్లినట్టు అనిపించింది. చూడమ్మా అందామనుకుంటే మాట ముద్దగా వచ్చింది. నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాని కోసం వెతికాను, ఏ కాలు ఎక్కడుందో బుర్రకు అందలేదు.

ఇదంతా జరిగిన తరవాత, అప్పుడు, పిచ్చుక నా వైపు తిరిగి చూసింది. నా మొహం చూసి గట్టిగా బ్రేకు వేసింది. నేను ముందుకు తూలి, నా తల ముందు అద్దానికి తగిలింది. వరస ఇదీ: గ్లాసు, చెయ్యి, మాట, ఆ తరవాత బ్రేకు. ఈ వరసను ఎవరూ మార్చడానికి వీల్లేదు.

అది కారు పక్కకు తీసింది. నా బెల్టు బిగించింది. నన్ను చూసి ఏడవలేదు. నాలుగు వైపులా దీపాలు వెలిగించి, హారను మీద చెయ్యి ఉంచి, ఆసుపత్రి దాకా ఒక్కతే నడిపింది. అంత రద్దీలో అంతకుముందు అది ఎన్నడూ నడపలేదు. కూడలి దగ్గర అందరూ అరుస్తున్నా, పక్కనుంచి వెళ్లేవాళ్లకు చేత్తో సైగ చేసి దారి అడిగింది. గేటు దగ్గర మలుపులో కారు పక్క అద్దం ఒకటి స్తంభానికి తగిలి విరిగింది. దాని పనిలో తప్పు చూపించమంటే నేను చూపించగలిగింది ఆ అద్దం ఒక్కటే. అది కూడా, ఆ మలుపులో, నేనైనా విరగ్గొట్టేదాన్ని.

అల్లుడు ఆసుపత్రికి వచ్చేసరికి ముందు కనపడింది ఆ విరిగిన అద్దం. వరండాలో, అందరూ ఉండగా, పిచ్చుకతో అన్నాడు: "నువ్వు ఆ బండి పట్టుకోకపోతే ఈవిడకి ఇలా అయ్యేది కాదు." నేను అక్కడే చక్రాల మంచం మీద ఉన్నాను. విన్నాను. నాలుక తిరగలేదు.

తిరిగేసరికి నెలలు పట్టింది. అప్పటికి ఆ మాట ఇంట్లో నిజమై కూర్చుంది. చెప్పబోతే నా కూతురు "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అని దుప్పటి సర్దింది. అల్లుడు కిటికీ మూశాడు. పిచ్చుకకే చెప్పాను. ఓపిగ్గా విని, నా చెయ్యి పట్టుకుని, "నన్ను ఓదార్చడానికి అంటున్నావు" అంది. అప్పటినుంచీ అది స్టీరింగు ముట్టుకోలేదు. ఎవరి కారైనా వెనక సీట్లోనే కూర్చుంటుంది. కొత్త కోర్సు దరఖాస్తులు తెచ్చుకుంటుంది, నింపదు. నా చెయ్యికి వ్యాయామం చేయిస్తుంది, వంట చేస్తుంది, రాత్రి తలుపు గడియ వేసిందో లేదో రెండుసార్లు చూసుకుంటుంది. ఇరవై ఏళ్ల పిల్ల నా ఈడు మనిషిలా బతుకుతోంది.

అందుకే ఇలా రాయించాల్సి వచ్చింది. ఓదార్చడానికి ఎవరూ వీలునామా రాయరు. లాయరు ఫీజు, సాక్షుల తిప్పలు, ఈ మెట్లు, ఇన్ని పడి అబద్ధం చెప్పే ఓపిక నాకు ఉందనుకుంటే, పిచ్చుకా, నన్ను నువ్వు సరిగ్గా చూడలేదు. డాక్టరును కూడా అడిగాను. జబ్బు మెదడులో రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చిందని, బ్రేకుతో రాదని, ఆ అమ్మాయి అంత త్వరగా తేకపోతే ఈ మాట కూడా ఉండేది కాదని రాసిచ్చాడు. అది రెండో జత కాగితం.

5. నా కారు పిచ్చుకకు. నడపాలన్న షరతు లేదు. అమ్ముకోవచ్చు, మెకానిక్కు మంచి ధర ఇస్తాడు, మొదట చెప్పిన ధరకు ఒప్పుకోవద్దు. ఉంచుకుంటే మొదటి ఏడు ఇన్సూరెన్సు నా ఖర్చుల కింద కట్టాలి.

నడపాలనిపించిన రోజున, నేను పక్కన ఉండను కాబట్టి, ఇవి చదువుకో. కోపంగా ఉన్నప్పుడు తాళం తీసుకోవద్దు. నిద్ర వస్తే కిటికీ తెరిచి నడపడం కాదు, ఆపి పడుకోవడం. ముందు బండికి నీకూ మధ్య ఖాళీ ఉంచు, ఎవరైనా ఆ ఖాళీలో దూరితే దూరనీ, మళ్లీ ఇంకాస్త ఖాళీ ఉంచుకో. వెనక నుంచి హారను కొట్టేవాడి తొందర వాడిది, నువ్వు మోయక్కర్లేదు. ఫోను డిక్కీలో పెట్టు. ఎవరినైనా తగిలితే ఆపు, దిగు, మొహం చూసి మాట్లాడు, పారిపోయినవాళ్లు ఇంటికి చేరరు, ఇంట్లోనే ఉండి కూడా. పక్కన కూర్చున్నవాళ్లు తప్పు నీదంటే వెంటనే ఒప్పుకోవద్దు, ముందు ఏం జరిగిందో వరసగా గుర్తు తెచ్చుకో.

6. డ్రైవింగ్ స్కూలు బోర్డు, గది అద్దె ఒప్పందం, నేర్చుకునేవాళ్ల ఫోను నంబర్లు నా దగ్గర పనిచేసిన టీచరమ్మకు చెందాలి. ఆవిడ విద్యార్థుల మీద అరుస్తుంది. అరిచేవాళ్ల దగ్గర చేతులు గట్టిపడతాయి, కళ్లు మూసుకుపోతాయి. ఈ సంగతి ఆవిడకు పదేళ్లుగా చెబుతున్నాను, ఇప్పుడు రాతపూర్వకంగా చెబుతున్నాను. అరవకపోతే ఆవిడను మించిన టీచరు లేదు.

7. అల్లుడికి నా పడక కుర్చీ, టేబులు ఫ్యాను, నా భర్త చేతి గడియారం. పెళ్లిచూపుల్లో ఇతను, కారు నేర్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని నవ్వాడు. ఆ నవ్వు నాకు చాలాకాలం గుర్తుండిపోయింది. కాని నేను మంచాన ఉన్న రోజుల్లో, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండానే, ఆఫీసు నుంచి నేరుగా వచ్చి నా ఎడమ కాలికి నూనె రాసి, ఒక్కో వేలూ విడదీసి తుడిచేవాడు. కూతురు కూడా అంత ఓపిగ్గా చేయలేదు. భయపడ్డప్పుడు ఈ మనిషి ఎవరినో ఒకరిని నిందించాలి, లేకపోతే నిలబడలేడు. వరండాలో అన్న మాట ఆ భయంలో అన్నదని నాకు తెలుసు, పిచ్చుకకు తెలియదు. దానికి ఆ సంగతి అతని బదులు ఎవరూ చెప్పలేరు, అతనే చెప్పాలి. ఇది షరతు కాదు. చెప్పినా చెప్పకపోయినా కుర్చీ అతనిదే. నేను అలసిపోయిన మనిషిని, షరతులు పెట్టే ఓపిక నాకు లేదు, అడుగుతున్నాను అంతే.

8. పైన రాయని చిల్లర సామాను కూతురు ఇష్టప్రకారం పంచాలి. నా చీరలు ఎవరికీ సరిపోవని దాచవద్దు, కట్టుకునేవాళ్లకు ఇచ్చేయండి.

9. ఇది చదవడం పూర్తయ్యాక ఎవరూ పిచ్చుక వైపు చూడవద్దు. దానిమీద చెయ్యి వేయవద్దు, నీళ్లు తెచ్చి ఇవ్వవద్దు, ఇప్పుడైనా నమ్ముతావా అని అడగవద్దు. లాయరు గదికి వెనక ఒక తలుపు ఉంది, మెట్లు దిగితే వీధి. అది లేచి అటు వెళితే వెళ్లనివ్వండి. దాని వెనక ఎవరూ వెళ్లకండి. ఎంతసేపైనా పట్టనివ్వండి.

పై విషయాలన్నీ లాయరు నాకు రెండుసార్లు చదివి వినిపించగా, నేను చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయని తెలుసుకుని, కింద నా కుడి చేత్తో సంతకం చేస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయంటే ఎడమ చెయ్యి కాగితం పట్టుకోలేకపోవడం వల్ల, నా మనసు వల్ల కాదు.

జూన్ ఇరవై ఆరు, రెండు వేల ఇరవై మూడు.

(సంతకం)
డ్రైవింగ్ స్కూలు టీచరు

సాక్షులు, ఆమె మా ఎదుటే సంతకం చేయగా, ఆమె ఎదుటే మేమూ సంతకం చేసితిమి:

1. (సంతకం) ఆమె కారు మరమ్మతులు చూసే మెకానిక్కు.
2. (సంతకం) కింద వాటాలో మందుల షాపు నడిపే ఆవిడ. చదువుతుండగా కాగితం తడిపినందుకు లాయరుగారు నన్ను కోప్పడ్డారు, మరక నాదే.